వేలంపాటలో పోర్చుగీసు రాగం

ఖమ్మం వ్యవసాయ మార్కెట్ యార్డు. మిర్చి సీజను. తెల్లవారేసరికి ఎటు చూసినా బస్తాలే. గాలిలోనే కారం. కొత్తవాళ్లయితే గేటు దాటగానే తుమ్ములు మొదలు. రాత్రే సరుకేసుకుని వచ్చిన రైతు బస్తామీదే కునుకు తీసి లేచి, తలకు చుట్టుకున్న కండువాతో మొహం తుడుచుకుని అటూ ఇటూ చూస్తుంటాడు. అతని ఎదురుచూపంతా ఒక్కదానికోసమే... జెండా పాట!

యార్డుకొచ్చిన సరుకులో మేలైనదాన్ని ఎంచుకుని వ్యాపారులు, కమీషన్ ఏజెంట్లు, మార్కెట్ సిబ్బంది దానిచుట్టూ చేరతారు. ఒకరు ఓ ధర అంటారు. ఇంకొకరు వంద పెంచుతారు. మరొకరు యాభై కలుపుతారు. ఇక ఎవరూ నోరు విప్పని చోట పాట ఆగుతుంది. ఆ రోజుకు అదే జెండా పాట ధర. మర్నాడు పేపర్లో వచ్చేదీ ఆ అంకే.

"జెండా ఎంత పలికింది బాబాయ్?"

"ఎంత పలికితే ఏంలేరా... మన బస్తా దగ్గరికొచ్చి ఎంతంటారో అది చెప్పు!"

సీజన్లో యార్డు చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర వినపడే మాటలివి. ఇందులో నవ్వూ ఉంది, నిట్టూర్పూ ఉంది. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు ఓ మాట గురించి చెప్పుకోవాలి. ఆ మాట- వేలం. అచ్చ తెలుగులా వినపడే ఈ మాట మనది కాదు. ఎక్కడో ఐరోపా పడమటి కొసనున్న పోర్చుగల్ నుంచి ఓడెక్కి వచ్చింది!

పెరిగేదా... చాటేదా... పాడేదా?

ఇంగ్లిషువాళ్లు ఆక్షన్ అంటారు. దాని మూలం లాటిన్‌లో ఉంది. 'ఆగెరె' అంటే పెంచడం. ధర ఒక్కో మెట్టూ ఎక్కుతుంది కాబట్టి ఆ పేరు. రచయితను ఇంగ్లిషులో ఆథర్ అంటున్నామే, అదీ ఈ లాటిన్ మాటకు పుట్టిన బిడ్డే. లేనిదాన్ని పెంచి పెద్దచేసేవాడన్నమాట.

అదే ఆక్షన్‌ని పోర్చుగీసులోకి మార్చమంటే 'లెయిలావ్' అంటారు. చివర్లో కాస్త ముక్కుతో పలకాలి. పోర్చుగీసువాళ్లకూ ఇది సొంత మాట కాదు. ఆ దేశాన్ని కొన్ని వందల ఏళ్లు ఏలిన అరబ్బుల నుంచి దిగింది. అరబ్బీలో 'అల్ ఇఅలామ్' అంటే ప్రకటన, చాటింపు. నలుగురికీ వినపడేలా చెప్పి అమ్మడమే అసలు సంగతి అని వాళ్లు అనుకున్నారు.

మరి మనం? పరాయి మాటను తెచ్చుకున్నా, దాని పక్కన మన మాటొకటి అతికించుకున్నాం- పాట! వేలంపాట. ధర చెప్పడాన్ని 'పాడటం' అన్నాం. "చెరువు చేపలు ఎవరు పాడారు?", "చింతచెట్టు ఎంతకు పాడారు?", "చిట్టీ ఈ నెల ఎవరు పాడారు?" అని అడుగుతాం. గొంతులో రాగం లేకపోయినా సరే, జేబులో డబ్బుంటే గాయకుడే!

అంటే ఒకే పని. లాటిన్ వాడికి అందులో పెరుగుదల కనిపించింది. అరబ్బుకు చాటింపు వినిపించింది. తెలుగువాడికి పాట వినిపించింది.

'ల' పోయి 'వ' వచ్చె...

పోర్చుగీసు నావికుడు వాస్కో డ గామా 1498లో కోళిక్కోడ్ దగ్గర దిగాడు. 1510లో గోవా వాళ్ల చేతికి వచ్చింది. ఆ తర్వాత తీరం వెంబడి ఎక్కడ రేవుంటే అక్కడ పోర్చుగీసు వర్తకులు. మన మచిలీపట్నం రేవులోనూ వాళ్లు వ్యాపారం చేశారు. డచ్చివాళ్లు, ఇంగ్లిషువాళ్లు వచ్చేనాటికే రేవుల్లో బేరసారాల భాష పోర్చుగీసు అయిపోయింది. ఎంతగా అంటే, తమ కోటల్లో పనిచేయడానికి వచ్చే క్రైస్తవ బోధకులు ఏడాదిలోగా పోర్చుగీసు నేర్చుకుని తీరాలని ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన 1698 నాటి చార్టర్‌లోనే రాశారు!

అలా రేవుల్లో దిగిన లెయిలావ్ ఒక్కో భాషలో ఒక్కో వేషం కట్టింది. మలయాళంలో లేలం. తమిళంలో ముందున్న 'ల' రాలిపోయి ఏలం. మన దగ్గర 'వ' తగిలించుకుని వేలం. మరాఠీలో లిలావ్, హిందీలో నీలామ్. సముద్రం దాటి మలయాలో లెలోంగ్, ఇండొనేషియాలో లెలాంగ్. పక్కనున్న సింహళం మాత్రం డచ్చివాళ్ల మాట తీసుకుంది. అక్కడ దాన్ని వెందేసి అంటారు.

ఈ మాటల జాడలన్నీ ఓపిగ్గా పోగేసిన మనిషి ఒకరున్నారు. గోవాలో 1855లో పుట్టిన సెబాస్టియావ్ రొదోల్ఫో దల్గాదో అనే క్రైస్తవ మతాచార్యుడు. ఆసియా భాషల్లో పోర్చుగీసు పదాల ప్రభావం మీద ఆయన రాసిన పుస్తకం 1913లో వచ్చింది. 1936లో అది ఇంగ్లిషులోకి మారింది. ఇప్పటికీ ఈ విషయంలో పండితులు ముందుగా తెరిచే పుస్తకం అదే.

వేలం ఒక్కటే కాదు. ఇంట్లో ఓసారి కలయజూడండి. బట్టలు పెట్టుకునే అలమార, నీళ్లు తోడే బాల్చీ, చొక్కాకు చేసే ఇస్త్రీ, ఇల్లు కట్టే మేస్త్రీ, నూనె పోసే పీపా, చర్చిలో పాదిరీ, పళ్లకొట్లో అనాస... అన్నీ ఆ ఓడల్లో వచ్చినవే అంటారు భాషా పరిశోధకులు.

అంతేనా! ఖమ్మం యార్డులో బస్తాల్లో ఉన్న మిర్చి సంగతేంటి? అది పుట్టింది అమెరికా ఖండాల్లో. మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్లే. మిరియంలా ఘాటుగా ఉందని మనవాళ్లు మిరప అన్నారు. తమాషా ఏమిటంటే పోర్చుగీసులోనూ 'పిమెంత' అంటే మిరియమూ అదే, మిరపా అదే. అంటే ఖమ్మం జెండా పాటలో పాడే సరుకూ, పాడుతున్న మాటా... రెండూ ఒకే ఓడలో వచ్చిన చుట్టాలే!

గోదారికి అటూ ఇటూ...

ఖమ్మం నుంచి భద్రాచలం వైపు బయల్దేరితే మరో విచిత్రం. ఈ దారిలో పెద్దవాళ్లను కదిపితే వేలానికి ఇంకో పేరు చెబుతారు- హర్రాసు. కొందరి నోట అది అర్రాసు. "అప్పు కట్టకపోతే ఇల్లు అర్రాసు పెడతరు" అంటారు. ఇదీ అరబ్బీ మాటే. అక్కడ 'హరాజ్' అంటే వేలం. కాకపోతే ఇది సముద్రం మీద రాలేదు. ఉర్దూతో కలిసి దక్కన్ మీదుగా, నిజాం కచేరీల గుండా వచ్చింది.

ఎందుకిలా? భద్రాచలం చరిత్ర చూస్తే అర్థమవుతుంది. గోదావరి ఎడమ గట్టునున్న ఈ ప్రాంతాన్ని నిజాం 1860లో బ్రిటిష్ వాళ్లకు ఇచ్చేశాడు. మొదట మధ్య పరగణాల్లో ఉంది. 1874లో మద్రాసు కిందికి వెళ్లింది. కుడి గట్టున పాల్వంచ, ఖమ్మం మాత్రం నిజాం ఏలుబడిలోనే ఉండిపోయాయి. ఒకే నది. ఒక గట్టున మద్రాసు కాగితాల్లో వేలం. మరో గట్టున హైదరాబాద్ కాగితాల్లో హర్రాజు. 1953లో ఖమ్మం జిల్లా అయింది. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు తూర్పుగోదావరి నుంచి వచ్చి ఆ జిల్లాలో కలిశాయి. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. గీతలు మారుతూనే ఉన్నాయి. ఈ మాటలు రెండూ మాత్రం జనం నోళ్లలో కలిసిపోయి అలాగే ఉన్నాయి.

ఒకే ఎడారి భాషలో పుట్టిన రెండు మాటలు. ఒకటి లిస్బన్ మీదుగా సముద్రం చుట్టి, ఇంకొకటి దక్కన్ మీదుగా నేల దాటి... చివరికి గోదారి గట్టున కలుసుకున్నాయి!

ఈటె పాతితే బేరం

పోర్చుగీసులో వేలానికి ఇంకా కొన్ని మాటలున్నాయి. ఒక్కోటీ ఒక్కో కథ. కోర్టో, సర్కారో పెట్టే వేలాన్ని 'ఆస్తా పూబ్లికా' అంటారు. లాటిన్‌లో హస్తా అంటే ఈటె. యుద్ధంలో దోచిన సొత్తును రోమన్లు బహిరంగంగా అమ్మేటప్పుడు ఆ చోట ఓ ఈటె పాతేవారు. ఈటె కనపడితే అక్కడ అమ్మకం ఉన్నట్టు. మన జెండా పాట పేరు వింటే రోమన్ల ఈటె గుర్తుకు రావడంలేదూ!

పాటలో ఒకరు చెప్పే ధర 'లాన్సె'. అంటే విసురు. పావు విసిరినట్టు ధర విసరడం. ఆఖరి పాట కొట్టి సరుకు దక్కించుకోవడం 'అర్రెమతార్'. అసలర్థం ముగించడం. మన "మూడోసారి!" అన్న కేకలో ఉన్నదీ ఆ ముగింపే. సర్కారు టెండర్లకు మాత్రం 'లిసితసావ్' అని వేరే మాట. అక్కడ కేక లేదు, పాట లేదు. సీలు వేసిన కవర్లు, ఇప్పుడైతే కంప్యూటర్లో అంకెలు.

ఈ చివరి మాట దగ్గర్నుంచే అడవిలోకి దారి.

పాట వినపడని వేలం

భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం, ఇల్లెందు, గుండాల... ఈ అడవుల్లో వేసవి అంటే తునికాకు. బీడీలు చుట్టే ఆకు. ఫిబ్రవరి, మార్చిల్లో తునికి చెట్లకు కొమ్మ కొడతారు. అప్పుడే లేతాకు చిగురిస్తుంది. ఏప్రిల్, మే వచ్చాయంటే కోయ పల్లెల్లో ఇంటికి తాళమే. పిల్లాజెల్లాతో సహా చీకటితోనే అడవికి వెళతారు. ఎండ ముదిరేలోపు ఆకు కోసి మూటగట్టుకుని రావాలి. మధ్యాహ్నం చెట్టునీడన కూర్చుని ఒక్కో ఆకూ తిప్పి చూసి, యాభై ఆకులు ఒక కట్ట కట్టాలి. సాయంత్రం కల్లానికి చేర్చాలి. అక్కడ కల్లేదారు కట్టలు లెక్కపెట్టి వరసలుగా ఆరబెట్టిస్తాడు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా. అంటే యాభై వేల ఆకులు. ఒక్కో ఆకునూ ఓ చెయ్యి కోసింది, అదే చెయ్యి లెక్కపెట్టింది.

ఇంతకీ ఆ ఆకు వేలం ఎప్పుడు జరిగింది? ఆకు చెట్టుమీద మొలవక ముందే! 1971లో వచ్చిన చట్టంతో తునికాకు వ్యాపారం ప్రభుత్వం చేతిలోకి వెళ్లింది. అడవిని యూనిట్లుగా విడగొట్టి ముందుగానే టెండర్లతో అమ్మడం పద్ధతి. కోసేవాళ్లకు కట్టకు ఇంత అని కూలి. అమ్మకంలో ఖర్చులు పోను మిగిలింది తర్వాతెప్పుడో బోనస్ రూపంలో పంచాలి. కట్టకు ఎన్ని పైసలన్నది 1980ల నుంచీ ఈ అడవుల్లో పెద్ద పోరాటాలకు కారణమైంది. పైసలు రూపాయలయ్యాయి. కానీ తమ యూనిట్ ఎంతకు అమ్ముడుపోయిందీ, మిగులు ఎంతన్నదీ కట్ట కట్టిన మనిషి చెవిన పడటం మాత్రం అరుదు. చాటింపు అని అర్థమున్న మాట ఇక్కడికొచ్చేసరికి గుసగుసగా మారిపోయింది.

ఇది ఈనాటిది కాదు. 1879 నాటి రంప తిరుగుబాటు గుర్తుందా? ఈత, తాటి చెట్ల నుంచి తమ కల్లు తాము తీసుకోవడానికీ డబ్బు కట్టాల్సి రావడం, ఆ వసూళ్ల హక్కును సర్కారు మైదాన ప్రాంతపు గుత్తేదార్లకు కట్టబెట్టడం ఆ తిరుగుబాటుకు ముఖ్య కారణాల్లో ఒకటి. అదే ఏడాది మంట భద్రాచలం తాలూకాలోని రేకపల్లికీ పాకింది. అక్కడ దానికి తోడు పోడు మీద పన్ను పెంచారన్న కోపం. తమ చెట్టు మీద ఎవరో, ఎక్కడో కూర్చుని బేరం కుదుర్చుకోవడం- నూటయాభై ఏళ్ల నాటి ఆ బాధ ఇదే.

చట్టం ఇప్పుడు మారింది. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల యాజమాన్యం గ్రామసభలకు, పంచాయతీలకు చెందాలంది. దానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిబంధనలు వచ్చింది 2011లో. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకేసి తునికాకును పేరుపెట్టి మరీ ఆ జాబితాలో చేర్చింది. ప్రాణహిత, గోదావరి దాటితే మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా. అక్కడ 2013లో కొన్ని గ్రామసభలు తమ ఆకును తామే అమ్ముకోవడం మొదలుపెట్టాయి. ఊరే ప్రకటన ఇస్తుంది. వ్యాపారులు ఊరికే వచ్చి ధర చెబుతారు. ధర కలిసొచ్చిన ఏడూ ఉంది, కలిసిరాని ఏడూ ఉంది. కానీ ఎంతకు పోయిందో ఊళ్లో అందరికీ తెలుసు. ఆకు అదే, అడవి అదే. పాడించేవాళ్లు మారారు.

వేలంవెర్రి

వేలం నుంచి మనవాళ్లు ఓ చక్కటి మాట పుట్టించుకున్నారు- వేలంవెర్రి. పక్కవాడు పెంచాడని మనమూ పెంచడం, చివరికి గెలిచామని సంబరపడి ఇంటికొచ్చి తల పట్టుకోవడం. హైదరాబాద్ బాలాపూర్ గణేశుడి లడ్డూ పాట 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటింది. అక్కడంటే అది భక్తి, పరువు. వ్యాపారంలో అలా కుదరదు కదా!

క్రీస్తుశకం 193లో రోమ్‌లో ఏకంగా సింహాసనాన్నే వేలం వేశారు. చక్రవర్తిని చంపిన అంగరక్షక సైనికులు ఎక్కువ ఇచ్చినవాడికే గద్దె అన్నారు. డిడియస్ జూలియానస్ అనే ధనికుడు పాడుకున్నాడు. కూర్చున్నది 66 రోజులు. ఆ తర్వాత అతన్నీ చంపేశారు. ఎక్కువ పాడి నష్టపోవడాన్ని ఆర్థికవేత్తలు 'విజేత శాపం' అంటారు. 2020లో నోబెల్ అందుకున్న పాల్ మిల్‌గ్రమ్, రాబర్ట్ విల్సన్‌లు చేసిన పరిశోధన వేలంపాటల మీదే. వాళ్ల లెక్కల్లో సారాంశం ఒకటుంది. పాటలో పాల్గొనేవాళ్లందరికీ సరుకు గురించి ఎంత ఎక్కువ తెలిస్తే, ధర అంత సరిగ్గా పలుకుతుంది. చీకట్లో పాడితే ఎవరూ ధైర్యంగా పాడరు.

ఓడిపోయేది పాడినవాడే అయితే అది వెర్రి. అసలు పాడనివాడు ఓడిపోతే? 2017లో ఖమ్మం యార్డులో అదే జరిగింది. అంతకు ముందు సీజన్లో మంచి ధర పలికిందని అందరూ మిర్చే వేశారు. పంట ఇబ్బడిముబ్బడిగా వచ్చింది. ధర పాతాళానికి పోయింది. ఏప్రిల్ 28న రైతుల కడుపుమంట యార్డు ఆఫీసు మీదికి మళ్లింది. పదిమంది రైతుల్ని అరెస్టు చేశారు. మే నెలలో వాళ్లను బేడీలతో కోర్టుకు తీసుకొచ్చిన ఫొటోలు చూసి రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. అప్పుడు కేంద్రం ప్రకటించిన కొనుగోలు ధర క్వింటాలుకు 5,000 రూపాయలు.

ఇప్పుడు మళ్లీ ఆ టీ కొట్టు దగ్గరికొద్దాం. "జెండా ఎంత పలికితే ఏంలేరా" అన్న బాబాయ్ బాధ ఇదే. జెండా పాట పాడింది ఎంచిన ఒక్క సరుకుకు. పేపర్లో పడిందీ అదే. తన బస్తా దగ్గరికి వచ్చేసరికి తేమ ఉందంటారు, రంగు తగ్గిందంటారు, తాలు కలిసిందంటారు. వేలల్లో కోత పడుతుంది. ఆరు నెలలు పెంచింది అతను. మాట చెప్పేది ఇంకొకరు.

లాటిన్ మాట ప్రకారం వేలంలో ధర పెరగాలి. అరబ్బీ మాట ప్రకారం అది అందరికీ వినపడాలి. యార్డులో జెండా పాట వినపడుతుంది, కానీ ఆ ధర అందరి బస్తాలకూ అందదు. అడవిలో ఆకుకు ధర కట్టేస్తారు, కానీ కోసినవాళ్లకు ఆ పాట వినపడదు.

ఈ వేసవిలో భద్రాచలం రాముడి దర్శనానికి వెళ్తే, అడవి దారిలో కాస్త ఆగి చూడండి. కల్లంలో వరసలు వరసలుగా తునికాకు కట్టలు ఆరుతుంటాయి. పక్కనే చెట్టుకింద ఓ అవ్వ యాభయ్యో ఆకు పెట్టి నారతో ముడి వేస్తుంటుంది.

"ఆకు ఎంతకు పోయిందవ్వా ఈసారి?" అని అడిగి చూడండి.

కట్టకెంత ఇస్తారో టక్కున చెప్పేస్తుంది. యూనిట్ ఎంతకు పాడారో కూడా అలాగే చెప్పిన రోజు, ఓడెక్కి వచ్చిన ఆ మాట మన ఊరు చేరినట్టు!